నా కువైట్ ప్రయాణం: 28 నెలలు, ఒక మొగుడి సంతకం

ఈరోజు 2025 మే 16, శుక్రవారం. మామా (నేను పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడ అట్లా పిలుస్తాం) వాళ్ళు పిల్లల్ని తీసుకుని వాళ్ళ పుట్టింటికి పోయారు, రాత్రి తొమ్మిదిదాకా రారు. సెల్లులో ఇంతింత రాసే అలవాటు నాకు లేదు. మాట్లాడితే అదే టైపు చేస్తుంది కదా, అట్లా చెప్పుకుంటూ పోతున్నా. మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా కువైట్ రావాలనుకునే ఆడవాళ్ళు ఫోన్ చేసి ఇవే అడుగుతారు. ఎంతయింది, ఎన్నాళ్ళు పట్టింది, యాడ ఆపినారు. ఒక్కొక్కరికీ చెప్పలేక అంతా ఒక్కచోట పెడుతున్నా.

మాది రాయచోటి పక్కన పల్లె. మా వైపు కువైట్ అంటే పక్కూరు లెక్క. మా అత్త 1988లో వచ్చింది, అప్పుడామెకు 22 ఏళ్ళు. మా ఆయన రెండేళ్ళ పిల్లోడు. 1990 ఆగస్టులో సద్దాం సైన్యం దిగినప్పుడు ఆమె ఇక్కడే చిక్కుకుంది. బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్ చేరి, ఎడారిలో గుడారాల కింద పడుకుని, అమ్మాన్‌లో మన ప్రభుత్వం పెట్టిన విమానం ఎక్కి బొంబాయిలో దిగింది. ఇంటికి తెచ్చింది ఒక దుప్పటి. ఆ దుప్పటి ఇంకా ఉంది, చలికాలం మా పాప కప్పుకుంటుంది. అంత చూసిన మనిషి కూడా నన్ను పోవద్దనలేదు. "పోతే పో. మంచి గలీజు లేని ఇల్లు దొరకాలని మొక్కుకో" అంది, అంతే.

2019లో మా ఆయన బెంగళూరులో సెంట్రింగ్ మీంచి పడ్డాడు. నడుము పోయింది. బరువు ఎత్తలేడు, ఎక్కువసేపు నిలబడలేడు. ఆసుపత్రి అప్పు మూడున్నర లక్షలు. నేను టమోటా కోతలకు పోతే రోజుకు మూడొందలు. ఆ లెక్కన అప్పు ఎప్పటికి తీరుతుందో పదో తరగతి లెక్కలు తప్పిన నాకు కూడా తెలుసు.

ఆ లెక్కలే నా కొంప ముంచాయి. పది పాసైతే పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర పడదు. నాకు 29 మార్కులొచ్చాయి, ముద్ర పడింది. ఆ ముద్ర ఉన్నవాళ్ళు కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. ఇంతవరకు మగవాళ్ళకూ ఇదే. ఆడదానికి పైన ఇంకో రెండున్నాయి. వయసు 30 నిండాలి. ఇంటిపనికైతే ప్రైవేటు ఏజెంటు కుదరదు, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే పోవాలి. 2022లో నాకు 28.

ఏజెంటు ఆ మాటే చెప్పాడు, చెప్పి నవ్వాడు. "దానికి దారుందిలే. విజిట్ వీసా మీద దుబాయ్ పో, ఆడనుంచి మావాళ్ళు కువైట్ పంపిస్తారు. ఎయిర్‌పోర్టులో పుషింగ్ మేం చూసుకుంటాం." పుషింగ్ అంటే లోపలివాళ్ళతో మాట్లాడి ఆపకుండా దాటించడం. 85 వేలు అడిగాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇచ్చాం.

2022 నవంబరులో బయల్దేరదీశాడు. చీర వద్దు, చుడీదార్ వేసుకోమన్నాడు. చల్లద్దాలు ఒకటి వాడే ఇచ్చాడు, తలమీద పెట్టుకోవాలంట, కళ్ళకు కాదు. "ఏమడిగినా బుర్జ్ ఖలీఫా చూడ్డానికి పోతున్నా అను" అని దారి పొడవునా బట్టీ పట్టించాడు. కౌంటర్లో అబ్బాయి మా తమ్ముడంత ఉన్నాడు. ఏ హోటలు అన్నాడు, చెప్పా. తిరుగు టికెట్టు చూపించా. "మీ ఆయన రాలేదా? ఒక్కదానివే దుబాయ్ చూడ్డానికి పోతున్నావా?" అన్నాడు. నోరు పెగల్లేదు. పాస్‌పోర్టు తీసుకోవడానికి చెయ్యి చాపితే నా అరచెయ్యి చూశాడు. టమోటా పసరు పట్టి నల్లగా, వేలి సందుల్లో పగుళ్ళు. ఆ చెయ్యి బుర్జ్ ఖలీఫా చూసే చెయ్యి కాదని వానికి తెలిసిపోయింది. పక్కన కూర్చోమన్నాడు, ఇంకో ఆఫీసరు వచ్చాడు, వెనక్కి పంపారు. పుషింగ్ చేసేవాడెవడూ కనపడలేదు. తెల్లారేదాకా ఎయిర్‌పోర్టు బయట కుర్చీలో కూర్చుని, ఆ చల్లద్దాలు చెత్తబుట్టలో వేసి బస్సెక్కాను.

ఏజెంటు కాళ్ళావేళ్ళా పడితే 30 వేలు తిరిగిచ్చాడు. 55 వేలు పోయాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజు నన్ను ఆపడమే మంచిదయింది. అట్లా దుబాయ్ పోయి అక్కడినుంచి ఎవరింట్లో తేలిందీ తెలియని ఆడవాళ్ళ కథలు మా వైపు చానా ఉన్నాయి. కాకపోతే నన్ను ఆ దొంగదారిలోకి తోసింది కూడా 30 ఏళ్ళ నిబంధనే. రాజమార్గం మూసేసి అడ్డదారిలో కాపలా పెట్టినట్టుంది వ్యవహారం.

మా తమ్ముడు 2023 జూన్‌లో కువైట్ వచ్చాడు, క్లీనింగ్ కంపెనీకి. వానికి 23 ఏళ్ళు. వాడూ పది తప్పినోడే, వాని పాస్‌పోర్టు మీదా అదే ముద్ర. కడపలో ప్రైవేటు ఏజెంటు, ఇంటర్వ్యూ, మెడికల్, క్లియరెన్స్ అన్నీ కలిపి 43 రోజులు. అప్పుడు మా మరదలు ఐదో నెల గర్భంతో ఉంది. పెళ్ళాన్ని ఈ స్థితిలో ఎవరు చూస్తారని వాణ్ణి ఒక్కరూ అడగలేదు.

నేను 30 నిండేదాకా కూర్చున్నాను. ఇంకేం చేస్తాను. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కూలీలుండే బిల్డింగు కాలిపోయి మనవాళ్ళు 40 మందికి పైగా చనిపోయారు. మా తమ్ముడుండేది అక్కడ కాదు, అయినా వాని ఫోన్ కలిసేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఊళ్ళో అందరూ నామీద పడ్డారు, ఇది చూసి కూడా పోతావా అని. చచ్చిపోయింది మగవాళ్ళు. ఆ తర్వాత మగవాళ్ళకు 30 నిండాలని ఎవరూ అనలేదు.

ఆగస్టు 19కి నాకు 30 నిండాయి. సెప్టెంబరు 2న ప్రభుత్వ ఏజెన్సీ ఆఫీసుకు పోయాను. మా ఊరినుంచి రాత్రంతా బస్సు. అట్లాంటి ప్రయాణాలు మొత్తం ఐదు చేశాను. మొదటిసారి పోయేవాళ్ళకు ఒక మాట: ఆధార్‌లో పేరు, పాస్‌పోర్టులో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు ఇంటిదగ్గరే పక్కపక్కన పెట్టి చూసుకోండి. మగవానికి పుట్టినప్పటినుంచి ఒకటే ఇంటిపేరు. నా పాస్‌పోర్టులో మా అబ్బ ఇంటిపేరు, ఆధార్‌లో మా ఆయనది. పాస్‌పోర్టులో భర్త పేరు గడి ఖాళీ. అది సరిచేయించడానికి పెళ్ళి సర్టిఫికెట్టు కావాలన్నారు. మాది గుడి పెళ్ళి, ఎప్పుడూ రిజిస్టరు చేయించలేదు. పదేళ్ళ తర్వాత పెళ్ళి రిజిస్టరు చేయించుకుని, 1,500 కట్టి పాస్‌పోర్టు మళ్ళీ తీసుకునేసరికి అక్టోబరు 24.

ఆ పాస్‌పోర్టు పట్టుకుని రెండోసారి ఏజెన్సీ ఆఫీసుకు పోయినప్పుడు కౌంటర్లో ఇంకో కాగితం అడిగారు. భర్త ఒప్పుదల పత్రం, స్టాంపు పేపరు మీద, నోటరీతో. "మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా, మాట్లాడాల" అన్నాడాయన.

"ఇది ఏ రూల్‌లో ఉంది సార్?" అని అడిగాను. నాకే ఆశ్చర్యం, నోట్లోంచి అట్లా వచ్చేసింది.

ఆయన కోప్పడలేదు. "రూల్‌లో ఉండదమ్మా. రేప్పొద్దున మీ ఆయన వచ్చి నా పెళ్ళాన్ని ఎవర్నడిగి పంపినారు అంటే నేనేం చెప్పాల?" అన్నాడు.

మా ఆయన నడుముకు బెల్టు కట్టుకుని రాత్రంతా బస్సులో కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డాడు, కండక్టరు కూర్చోమని అరిచాడు. ఆఫీసులో నన్ను పక్కన నిలబెట్టి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. పోయేది నేను, ప్రశ్నలు ఆయనకు.

"ఈమె పోతే ఇల్లెవరు చూస్తారు?"

"నేనే సార్."

"వంట?"

"నేనే చేస్తా."

"పాపకు ఎన్నేళ్ళు?"

"ఎనిమిది. జడ కూడా నేనే వేస్తా సార్. రోజూ నేనే వేస్తా."

పక్క టేబులు దగ్గరున్న మేడమ్ కిసుక్కున నవ్వింది. మా ఆయన నవ్వలేదు. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి వణికింది. అది నడుము నొప్పికో సిగ్గుకో ఈరోజుకీ నేను అడగలేదు. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. పీలేరు దాటాక అన్నాడు, "మా అమ్మ పోయేటప్పుడు మా నాయన సంతకం పెట్టింటాడా?" ఇంటికొచ్చి అత్తను అడిగితే, "మీ నాయనకు సంతకం యాడొచ్చురా" అంది.

నవంబరు 27న మెడికల్. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ముందే తెలిస్తే బాధ తక్కువ. పొద్దున ఏమీ తినకుండా పోవాలి. రక్తం, ఎక్స్‌రే అందరికీ ఉంటాయి. ఆడవాళ్ళకు గర్భం పరీక్ష అదనం. కౌంటర్ దగ్గర అబ్బాయి, వరసలో మగవాళ్ళు నిలబడి ఉండగా, "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?" అని గట్టిగా అడిగాడు. నేను చిన్నగా చెప్పాను. వినపడలేదని మళ్ళీ అడిగాడు. నా వెనక కర్నూలు వైపు ఆమె ఒకామె ఉంది. ఆమె వంతు వచ్చినప్పుడు వాడు అడగకముందే తేదీ అరిచి చెప్పింది, హాలంతా తిరిగి చూసింది. నేను ఆమెలాగా చేసుంటే బాగుండేదని ఇప్పుడనుకుంటా.

డిసెంబరులో ఈ ఇంటివాళ్ళు వీడియో కాల్‌లో చూశారు. వాళ్ళ డ్రైవరు తెలుగాయనే, ఆయనే మాట మార్చి చెప్పాడు. మామా మూడే అడిగింది: పిల్లలంటే ఇష్టమా, ఇస్త్రీ వచ్చా, రాత్రి ఏడుస్తావా. మూడోది విని డ్రైవరన్నే నవ్వాడు. ఇంతకుముందున్న అమ్మాయి రోజూ రాత్రి ఏడ్చేదంట. ఏడవనని చెప్పాను. జీతం 110 దినార్లు, మన డబ్బుల్లో 30 వేల పైన.

వీసా జనవరి 22న వచ్చింది. దీన్ని ఇక్కడ 20 నంబరు వీసా అంటారు, ఇంటిపని వీసా. అప్పటికి మెడికల్ గడువు తీరుతోంది. ఫిబ్రవరి 3న మళ్ళీ ఎనిమిది వేలు కట్టి, మళ్ళీ ఆ కౌంటరు, మళ్ళీ ఆ ప్రశ్న. ఈసారి అరిచే చెప్పాను. అందుకే అందరికీ చెబుతున్నా, వీసా చేతికొచ్చేదాకా మెడికల్‌కు తొందరపడొద్దు. ఆఫీసువాళ్ళు ముందే చేయించుకోమంటారు, కాస్త ఆగి అడగండి.

పోలీసు సర్టిఫికెట్టుకు 500. పాస్‌పోర్టు ఢిల్లీకి పోయి స్టాంపింగ్ అయి ఫిబ్రవరి 21న తిరిగొచ్చింది. ఆ ఏడు రంజాన్ మార్చి 1న మొదలు. రంజాన్ నెల్లో ఈ ఇళ్ళల్లో పని ఎట్లుంటుందో వచ్చినవాళ్ళకు తెలుసు. అందుకే మామా ఆ లోపు నన్ను దింపుకోవాలని చూసింది. "రాకుంటే వేరే అమ్మాయిని చూసుకుంటారంట" అని డ్రైవరన్న రోజూ మెసేజి పెడతాడు. ఇక్కడ నా ఫైలు క్లియరెన్స్ దగ్గర ఆగిపోయింది. ఒక కాగితంలో జీతం 100 అనీ, ఇంకోదాంట్లో 110 అనీ పడింది. అది సరిచేసి మళ్ళీ ఎక్కించేదాకా కదల్లేదు. ఆ మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. ఫోన్‌లో ఆ వెబ్‌సైటు తెరవడం, 'పరిశీలనలో ఉంది' అని చూడడం, మూసెయ్యడం. మా పాప కూడా నేర్చుకుంది. బడినుంచి రాగానే "అమ్మా, పరిశీలన అయిపోయిందా?" అని అడిగేది.

ఆ సందులోనే ఫిబ్రవరి 25న ఒకరోజు శిక్షణ. డబ్బులు తీసుకోరు. నాకు నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే. చెప్పిన మేడమ్ మంచిది. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకు 2015లో చట్టం వచ్చిందంట. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు సెలవు, పాస్‌పోర్టు మన దగ్గరే ఉండాలి. ఎంబసీ నంబరు రాయించి, "సెల్లులో కాదు, సూట్‌కేసు లోపల గుడ్డమీద పెన్నుతో రాసుకోండి, సెల్లు లాక్కుంటే?" అంది. అప్పుడే తెలిసింది ఇంకొకటి కూడా. ఆ చట్టం ప్రకారం ఇంటిపనికి వచ్చేవాళ్ళకు 21 నిండితే చాలంట. 30 అనేది ఢిల్లీలో మనవాళ్ళు పెట్టిన లెక్క. నేను చెయ్యెత్తి, "మరి మగవాళ్ళకెంత మేడమ్?" అన్నా. "18" అంది. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె వెంటనే ఇన్సూరెన్సు గురించి చెప్పడం మొదలుపెట్టింది. పది లక్షల బీమా, నేను కట్టినప్పుడు రెండేళ్ళకు 275 రూపాయలు, దానిమీద పన్ను. అది మాత్రం తప్పకుండా కట్టండి, ఆ కాగితం ఇంట్లో ఒక కాపీ పెట్టండి.

మార్చి 13న క్లియరెన్స్ వచ్చింది. 19 రాత్రి విమానం.

ఎయిర్‌పోర్టులో మళ్ళీ అదే వరస. కడుపులో దేవినట్టయింది. నా ముందు ఇద్దరు మగపిల్లలు, ఈసీఆర్ వాళ్ళే, ఠపాఠపా ముద్ర గుద్ది పంపాడు. నా పాస్‌పోర్టు తీసి అటూ ఇటూ తిప్పాడు. క్లియరెన్స్ చూపించాను, కాంట్రాక్టు చూపించాను. "మొదటిసారా? ఇంట్లో ఒప్పుకున్నారా?" అన్నాడు. నేను సంచిలోంచి నోటరీ కాగితం తీసి కౌంటరు మీద పెట్టాను. చదివి నవ్వి, "ఇది మాకు అక్కర్లేదమ్మా" అని వెనక్కిచ్చాడు. మా ఆయన నడుము బెల్టుతో రాత్రంతా బస్సులో కూర్చుని తెచ్చిన కాగితం అది.

ఖర్చు లెక్క చెబుతా. రెండు మెడికల్స్ 16 వేలు. ఐదు ప్రయాణాలు, రెండుసార్లు లాడ్జి, తిండి కలిపి 13,400. పాస్‌పోర్టు, పోలీసు సర్టిఫికెట్టు, స్టాంపు పేపరు, నోటరీ, బీమా, ఫోటోలు, జిరాక్సులు కలిపితే మూడు వేల లోపే. వీసా, టికెట్టు ఈ ఇంటివాళ్ళవి. అంటే సర్కారు దారిలో 32 వేల చిల్లర. ఏజెంటు మింగిన 55 వేలకు నెలకు 1,650 చొప్పున 28 నెలల వడ్డీ 46,200. అసలు ఇంకా అట్లే ఉంది.

ఇక్కడికి వచ్చాక సంగతి తక్కువే చెబుతా. దిగింది రంజాన్ ఇరవయ్యో రోజు. సాయంత్రం ఉపవాసం విడిచే ఫుతూర్‌కు చుట్టాలు, అర్ధరాత్రి మళ్ళీ తిండి, తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే సహూర్. మొదటి పది రోజులు ఏ రోజూ ఐదు గంటలు నిద్రపోలేదు. 12 గంటల చట్టం సూట్‌కేసు గుడ్డమీద ఎంబసీ నంబరు పక్కనే రాసుకున్నా, అది అక్కడే ఉంది. పండగనాడు బాబా, అంటే ఇంటి యజమాని, 10 దినార్లు ఈదియా (పండగ కానుక) ఇచ్చాడు. పండగ తర్వాత పని తగ్గింది. తిట్టరు, కొట్టరు, తినేది నాకూ పెడతారు. జీతం రెండు నెలలూ తేదీకి వేశారు. పాస్‌పోర్టు మాత్రం అకామా (ఇక్కడ ఉండడానికి అనుమతి) పని ఉందని మొదటిరోజే మామా తీసుకుంది. అకామా అయింది, బితాకా (గుర్తింపు కార్డు) నా చేతికొచ్చింది, పాస్‌పోర్టు రాలేదు. రెండుసార్లు అడిగాను. "బుక్రా" అంటుంది, అంటే రేపు. వచ్చే శుక్రవారం మళ్ళీ అడుగుతా. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

రాత్రి ఏడవనన్నాను కదా. బాత్రూములో కొళాయి తిప్పి ఏడిస్తే ఎవరికీ వినపడదు.

నిన్న మా వీధి చివరింటి పిల్ల ఫోన్ చేసింది. 24 ఏళ్ళు, మొగుడు వదిలేశాడు, ఒక కొడుకు. వాళ్ళకూ ఏజెంటు దొరికాడంట, విజిట్ వీసా, 90 వేలు. ఆరేళ్ళు ఎట్లా కూర్చోవాలక్కా అని ఏడ్చింది. ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వొద్దన్నాను. ఎంతవరకు చదివావే అంటే పది తప్పానంది, నాలాగే. ఓపెన్ స్కూల్లో పది కట్టు, పాసైతే పాస్‌పోర్టు మీద ఆ ముద్రే ఉండదు, నిన్ను 30 ఎప్పుడు నిండుతాయని ఎవరూ అడగరు అని చెప్పాను. ఫీజు ఎప్పుడు కట్టాలో రాయచోటిలో కనుక్కుంటానంది. మా పాప లెక్కల పుస్తకాలు కూడా ఇవ్వమని మా ఆయనకు చెప్పా. అవి మూడో తరగతివి. ఫర్లేదక్కా, అక్కణ్ణుంచే మొదలుపెట్టాల అంది.